టాస్క్ సాఫ్ట్‌వేర్‌లో టెంప్లేటు: షీట్సా, ట్రెల్లోనా, ఆసనానా, క్లిక్‌అప్పా?

విజయనగరంలో పెళ్లి డెకరేషన్ చేసేవాళ్లు, శ్రీకాకుళంలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసు, రాజాంలో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు, పలాసలో జీడిపప్పు లోడ్లు పంపే వ్యాపారి. వీళ్లందరికీ పని ప్రతిసారీ దాదాపు ఒక్కటే. మారేది పార్టీ పేరు, తేదీ, చిరునామా. అలాంటప్పుడు పనుల పట్టికను ప్రతిసారీ కొత్తగా రాసుకోవడం దండగ. ఒకసారి కుదురుగా రాసి టెంప్లేటుగా దాచుకుని, ఆర్డరు వచ్చినప్పుడల్లా దాని కాపీ తీస్తే చాలు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ టెంప్లేటు దేనిలో పెట్టాలి, గూగుల్ షీట్స్ అనే ఆన్‌లైన్ పట్టికలోనా, పనులు రాసి పంచుకునే ట్రెల్లో, ఆసనా, క్లిక్‌అప్ లాంటి యాప్‌లలోనా అన్న దగ్గరే చాలామంది పొరపడతారు. ఫీచర్ల జాబితా పొడుగ్గా ఉన్నదాన్ని ఎంచుకుని, రెండు నెలలకు మళ్లీ వాట్సాప్ గ్రూపుకే వచ్చేస్తారు.

ఫీచర్లూ ధరలూ తర్వాత చూడొచ్చు. మీ పనిలో తేదీలు ఎక్కణ్నుంచి పుడుతున్నాయో ముందు తేల్చుకోండి. ఒక ముఖ్యమైన రోజు నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారా? ముందు పని పూర్తయితే గానీ తర్వాతిది మొదలుకాదా? ప్రభుత్వం పెట్టిన గడువు నెలనెలా వస్తోందా? లేక ఆర్డరు ఎప్పుడొస్తే అప్పుడేనా? సాఫ్ట్‌వేర్లన్నీ కాపీ తీస్తాయి. కాపీ తీశాక తేదీలను సరిగ్గా జరపడం మాత్రం అన్నిటికీ ఒకేలా రాదు. ఎంపిక తేలాల్సింది అక్కడే.

ముహూర్తం నుంచి వెనక్కి

పెళ్లి డెకరేషన్, కేటరింగ్, స్కూల్ వార్షికోత్సవం, షాపు ప్రారంభం, అన్నీ ఈ కోవలోవే. ఆ రోజు కదలదు, మిగతావన్నీ దానికి సర్దుకోవాలి. డెకరేషన్ టెంప్లేటు సుమారుగా ఇలా ఉంటుంది: ముహూర్తానికి 45 రోజుల ముందు అడ్వాన్సు, ఫంక్షన్ హాల్ కొలతలు. 30 రోజుల ముందు మండపం డిజైను ఖాయం. 15 రోజుల ముందు కడియపులంక పూలకు మాట ఇవ్వడం, జనరేటరు బుకింగు. 3 రోజుల ముందు పూల ఆర్డరు పక్కా లెక్క. ముందురోజు లోడింగు. ముహూర్తం తర్వాత 1 రోజుకు సామాను లెక్క, 5 రోజులకు బాకీ వసూలు.

దీనికి గూగుల్ షీట్స్ ఉచితంగానే చక్కగా సరిపోతుంది. బి1 గడిలో కార్యక్రమం తేదీ వేయండి. ఒక కాలమ్‌లో పని పేరు, పక్క కాలమ్‌లో రోజుల అంకె (మైనస్ 45, మైనస్ 30, ప్లస్ 5 అలా), దాని పక్కన బి1కి ఆ అంకెను కలిపే ఫార్ములా. ఫార్ములాలో బి1 ముందు, మధ్యలో డాలర్ గుర్తులు పెట్టడం మరిచిపోతే కిందికి లాగినప్పుడు అది బి2, బి3 అయిపోయి తేదీలన్నీ చెదిరిపోతాయి. పట్టిక తప్పు చూపిస్తోందనిపిస్తే ముందు ఇదే చూడండి.

తేదీ వేసేటప్పుడు మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. శుభలేఖ మీద ‘బుధవారం రాత్రి 2-15 గంటలకు, తెల్లవారితే గురువారం’ అని ఉంటుంది. పంచాంగం రోజును సూర్యోదయం నుంచి లెక్కపెడుతుంది, సాఫ్ట్‌వేర్ అర్ధరాత్రి నుంచి. బి1లో గురువారం వేస్తే ‘ముందురోజు లోడింగు’ బుధవారానికి పడుతుంది, అప్పటికి హాల్లో భోజనాలు మొదలైపోయి ఉంటాయి. అందుకే బి1లో ముహూర్తం తేదీకి బదులు హాలు మన చేతికి వచ్చే తేదీ వేయండి. ముహూర్తం సమయాన్ని వేరే గడిలో మాటల్లో రాసి పెట్టుకోండి.

ఏటా వచ్చే పండుగలను ‘ప్రతి సంవత్సరం’ అనే రిపీట్ సెట్టింగుకు అస్సలు అప్పగించకండి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం జరుగుతుంది. 2024లో అది అక్టోబరు 15న వచ్చింది, 2025లో అక్టోబరు 7న. షాపు అలంకరణకో, ఫ్లెక్సీలకో, స్టాలుకో పనులు పెట్టుకున్నవాళ్లకు రిపీట్ సెట్టింగు వల్ల 8 రోజుల తేడా వచ్చేది. తిథిని బట్టి వచ్చే పనులకు తేదీ గడి ఉన్న టెంప్లేటే దారి.

ఆసనా కూడా ఈ పని చేస్తుంది, షీట్స్ కంటే నీటుగానే చేస్తుంది. ప్రాజెక్టును డూప్లికేట్ చేసేటప్పుడు తేదీలను మొదలు తేదీ నుంచి జరపాలా, ముగింపు తేదీ నుంచి జరపాలా అని అడుగుతుంది. కార్యక్రమాలకు ముగింపే ఎంచుకోవాలి. మొదలు తేదీ ఎంచుకుంటే, పార్టీ ముహూర్తానికి 20 రోజుల ముందు మాత్రమే వచ్చినప్పుడు 45 రోజుల పట్టిక ఇవాళ్టి నుంచి మొదలై ముహూర్తం దాటిపోతుంది. ముగింపు తేదీ ఎంచుకున్నప్పుడు మొదటి పనులు గడువు దాటినట్టు ఎర్రగా కనబడతాయి. కంగారు పడనక్కర్లేదు, ఇవాళే తెమల్చాల్సినవి ఏవో అది చెబుతోందంతే. ఇంకో విషయం: మన పట్టికలో ఆఖరి పని ముహూర్తం కాదు, 5 రోజుల తర్వాతి బాకీ వసూలు. ముగింపు తేదీగా ఏది వేయాలో దాన్ని బట్టి చూసుకోండి. శని, ఆదివారాలు వదిలేయమనే టిక్కు కనిపిస్తే తీసేయండి. మన దగ్గర శనివారం పనిరోజే, పెళ్లిళ్లవాళ్లకు ఆదివారం కూడా.

ఒకటి అయితే గానీ ఇంకొకటి కదలని పనులు

ఇల్లు కట్టడం దీనికి అసలైన ఉదాహరణ. సాఫ్ట్‌వేర్ ఎంపికలో తేడా బాగా బయటపడేది కూడా ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

శ్లాబు టెంప్లేటులో సెంట్రింగు, రాడ్డు కట్టడం, కరెంటు పైపులు, ఇంజనీరు తనిఖీ, కాంక్రీటు, నీళ్లు కట్టడం, సెంట్రింగు విప్పడం వరసగా ఉంటాయి. వీటిలో రెండు రకాల రోజులు కలిసిపోయి ఉంటాయని చాలా టెంప్లేట్లు పట్టించుకోవు. సెంట్రింగుకు 4 రోజులంటే మేస్త్రీ పనిచేసే 4 రోజులు, మధ్యలో ఆదివారం వస్తే అది లెక్కలో లేదు. కాంక్రీటు ఆరడానికి ఆదివారం లేదు, పండుగ లేదు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్లు కట్టాలి. ఎండ వేడి, పొడిగాలి ఉంటే వాటిని 10, 14 రోజులకు పెంచమంటుంది. శ్లాబు కింద ఊతకర్రలు తీయడానికి, 4.5 మీటర్ల లోపు వెడల్పుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల వరకు 14, ఆపైన 21. ఇవి ఓపీసీకి చెప్పిన అంకెలు. మన దగ్గర ఎక్కువగా వాడే పీపీసీకి ఇంకా ఆగాలి, ఎన్నాళ్లో ఇంజనీరు గారినే అడిగి టెంప్లేటులో రాయండి.

షీట్స్‌లో ఈ రెంటికీ రెండు వేరు ఫార్ములాలు వాడాలి. కూలీ పనికి ‘వర్క్‌డే డాట్ ఐఎన్‌టీఎల్’ ఫార్ములా. అందులో మొదట తేదీ, తర్వాత రోజుల సంఖ్య, మూడో చోట 11 అంకె, నాలుగో చోట సెలవుల జాబితా. ఆ 11కి అర్థం వారానికి ఆదివారం ఒక్కటే సెలవని. 1 వేస్తే శని, ఆదివారాలు రెండూ పోతాయి. సెలవుల జాబితాను వేరే ట్యాబులో పెట్టి సంక్రాంతి నాలుగు రోజులు, కూలీలు ఊళ్లకు వెళ్లే రోజులు రాసుకోండి. నీళ్లు కట్టే క్యూరింగుకు మాత్రం మామూలు కూడికే. అన్నిటికీ ఒకే ఫార్ములా వేస్తే 10 రోజుల క్యూరింగు 11, 12 రోజులుగా తేలుతుంది. అక్కడ నష్టం పెద్దగా లేదు. తలకిందులుగా చేసి, కూలీ పనికి మామూలు కూడిక వేస్తే మాత్రం పట్టిక రోజురోజుకీ నిజానికి దూరమవుతూ పోతుంది.

ఒక పని ఆలస్యమైతే తర్వాతివన్నీ జరగాలి కదా. అందుకు షీట్స్‌లో ‘అనుకున్న తేదీ’, ‘నిజంగా అయిన తేదీ’ అని రెండు కాలమ్‌లు పెట్టి, తర్వాతి వరస మొదలును ‘అయిన తేదీ ఉంటే అది, లేకపోతే అనుకున్న తేదీ’ అనే ఇఫ్ ఫార్ములాతో కట్టాలి. ఒక ఇంటికి ఇది చాలు. ఒకేసారి మూడు నాలుగు సైట్లు నడిపేవాళ్లకు క్లిక్‌అప్ నయం. అందులో ఒక్కో పనికి ‘దీనికోసం ఆగింది’ అని సంబంధం పెట్టొచ్చు, ముందు పని తేదీ జరిపితే దాని వెనకవీ జరిగేలా సెట్టింగు ఉంది, టెంప్లేటు వాడేటప్పుడు తేదీలను కొత్త మొదలుకు మార్చమని అడగొచ్చు. ఫోల్డరు, లిస్టు, టాస్కు, చెక్‌లిస్టు, ఏ స్థాయిలోనైనా టెంప్లేటు దాచుకోవచ్చు. అందుకే ‘శ్లాబు’ ఒక లిస్టు టెంప్లేటు, ‘మొత్తం ఇల్లు’ ఒక ఫోల్డరు టెంప్లేటు పెట్టుకుంటే రెండో అంతస్తు వేసేటప్పుడు శ్లాబు ఒక్కటే దించుకోవచ్చు. ప్రతికూలం ఏంటంటే మెనూలు మరీ ఎక్కువ, పాత ఫోన్లలో బరువు. సైటు సూపర్‌వైజరుకు ఒక పూట కూర్చోబెట్టి నేర్పాలి.

ట్రెల్లో ఈ పనికి వద్దు. పవర్-అప్‌లు అనే అదనపు హంగులు తగిలించకుండా అందులో ఒక కార్డు ఇంకో కార్డు తేదీని కదపదు.

ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా అక్టోబరు, నవంబరుల్లో పడే శ్లాబుకు వారం రోజుల ఖాళీ వరసను టెంప్లేటులోనే ఉంచండి. 2018లో తిత్లీ తుపాను తీరం దాటింది అక్టోబరు 11న, పలాస దగ్గర. హుద్‌హుద్ వచ్చిందీ అక్టోబరులోనే, 2014లో. ఆ నెలల్లో ఇసుక, కరెంటు, కూలీలు మూడూ ఒకేసారి ఆగిపోవచ్చు. ఖాళీ వరసకు ‘వాన రోజులు’ అని పేరు పెడితే ఇంటి యజమానికి కూడా వేరే చెప్పనక్కర్లేదు.

నెలనెలా వచ్చే గడువులు

జీఎస్టీ ఆఫీసులు చేసే పెద్ద తప్పు, ప్రతి క్లయింటుకీ ఒక ప్రాజెక్టు కాపీ తీయడం. 40 మంది క్లయింట్లు, ఒక్కొక్కరికి 8 పనులు అనుకుంటే నెలకు 320 టాస్కులు. మొదటి వారంలోనే ఎవరూ తెరవడం మానేస్తారు. అవే మెట్లు అందరికీ ఒకేసారి నడిచే చోట కావాల్సింది పట్టిక: అడ్డంగా క్లయింటు, నిలువుగా పని. బిల్లులు వచ్చాయా, అమ్మకాలు ఎక్కించామా, జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేశామా, 2బీతో (కొనుగోళ్ల మీది పన్ను జమ పట్టిక) సరిచూశామా, చలానా కట్టారా, 3బీ (పన్ను మొత్తం లెక్క చూపే రిటర్ను) వేశామా. షీట్స్‌లో ఖాళీ ట్యాబు ఒకటి మూలంగా పెట్టి, నెల మొదట్లో దాన్ని డూప్లికేట్ చేసి నెల పేరు పెట్టండి. ఒక్క చూపులో ఎవరి బిల్లులు రాలేదో కనిపిస్తుంది.

గడువులు రాసేటప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన టెంప్లేటును కళ్లు మూసుకుని దించుకోకండి. నెలవారీ జీఎస్టీఆర్-1కు తర్వాతి నెల 11, 3బీకి 20. మూడు నెలలకోసారి వేసే క్యూఆర్‌ఎంపీ పద్ధతిలో జీఎస్టీఆర్-1కు 13. 3బీకి రాష్ట్రాన్ని బట్టి 22 లేదా 24, ఆంధ్రప్రదేశ్‌కు 22. ఉత్తరాదివాళ్లు తయారుచేసిన పట్టికల్లో 24 ఉంటుంది, అది మనకు రెండు రోజుల లేటు ఫీజు. క్యూఆర్‌ఎంపీలోనే త్రైమాసికం మొదటి రెండు నెలలకూ పన్ను చలానా మరుసటి నెల 25వ తేదీ లోపు కట్టాలి, చాలా టెంప్లేట్లలో ఈ వరసే ఉండదు. గడువు పక్కన ‘మన గడువు’ అని ఇంకో కాలమ్ పెట్టి 3 రోజులు ముందు తేదీ వేసుకోండి. ఆఖరి రోజున పోర్టల్ మొరాయించడం మామూలే.

ఒంటరిగా పనిచేసేవారికి టుడూయిస్ట్ అనే పనుల జాబితా యాప్ చాలు. ‘ప్రతి నెల 11’ అని ఇంగ్లిషులో టైపు చేస్తే అదే తిరిగి వస్తుంది. అందులో ‘ఎవ్రీ’ పదం పక్కన ఆశ్చర్యార్థక గుర్తు పెడితే, గడువు తేదీ నుంచి కాకుండా మీరు పని పూర్తిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. జనరేటరు సర్వీసుకు అది కావాలి, జీఎస్టీకి అది ఎంతమాత్రం పనికిరాదు. ప్రాజెక్టును టెంప్లేటుగా సీఎస్‌వీ ఫైల్లోకి దించుకునేటప్పుడు ‘సాపేక్ష తేదీలు’ అనే అర్థమిచ్చే టిక్కు పెట్టండి, లేకపోతే పాత తేదీలే వస్తాయి. ఉచిత ప్లానులో 5 ప్రాజెక్టులకే చోటు.

నోషన్ అనే యాప్ నోట్సుకు గొప్పది. తేదీల టెంప్లేటుకు మాత్రం ‘ఇవాళ’ అని పెట్టడం తప్ప, 30 రోజుల ముందు అన్నది ఫార్ములాలతో మీరే కట్టుకోవాలి. అంత శ్రమ పడేకన్నా షీట్సే నయం.

ఆర్డరు వస్తే మొదలయ్యే చిన్న పనులు

పలాస జీడిపప్పు లోడ్లు, ప్రింటింగ్ ప్రెస్ ఆర్డర్లు, మొబైల్ రిపేరు లాంటివి రోజుల పనే, కానీ ఒకేసారి పది పదిహేను నడుస్తుంటాయి. ట్రెల్లో ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. బోర్డు మీద ఆర్డరు వచ్చింది, గ్రేడింగు, ప్యాకింగు, బిల్లు, లోడయింది, డబ్బు రావాలి అని వరసలు. ఒక్కో లోడుకు ఒక్కో కార్డు. మొదటి వరసలో ఒక టెంప్లేటు కార్డు పెట్టి, అందులో చెక్‌లిస్టు రాయండి: గ్రేడు (డబ్ల్యూ-240, డబ్ల్యూ-320, ఏదైతే అది), టిన్నుల సంఖ్య, తేమ చూశామా, లేబులు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, లారీ నంబరు, ఈ-వే బిల్లు.

సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లును చెక్‌లిస్టులో ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. సరుకు విలువ ₹50,000 దాటితే అది తప్పనిసరి. బిల్లు చెల్లుబాటు 200 కిలోమీటర్లకు ఒక రోజు, ఆపై ప్రతి 200 కిలోమీటర్లకో, అందులో కొంత భాగానికో ఇంకో రోజు. 700 కిలోమీటర్లకు 4 రోజులన్నమాట. ఈ గడియారం ఆ బిల్లులో వాహనం వివరాలుండే పార్ట్-బీలో లారీ నంబరు ఎక్కించగానే కదులుతుంది. అందుకే ‘ప్యాకింగు’ దగ్గర కాకుండా, లారీ గేటు దగ్గరకు వచ్చాక చేసే పనిగా రాయండి. ముందే తీసిపెడితే లోడింగు ఒక రోజు ఆలస్యమైనప్పుడు దారిలో గడువు అయిపోతుంది.

ట్రెల్లో ఉచిత ప్లానులో చెక్‌లిస్టులోని ఒక్కో అంశానికి మనిషినీ తేదీనీ తగిలించలేరు, అది డబ్బు కట్టే ప్లానులోనే. చిన్న టీముకు అదేం పెద్ద లోటు కాదు, కార్డుకు ఒక మనిషి ఉంటే చాలు.

మూలాన్ని కాపాడుకోవడం

పూర్తయిన పనిని టెంప్లేటుగా మార్చేటప్పుడు దానిలోని పాత పార్టీ సరంజామా అంతా తీసేయాలి. ఫోన్ నంబర్లు, కొటేషన్లు, ఆధార్ ఫోటోలు, బేరమాడిన రేట్లు, కామెంట్లు, పెట్టిన టిక్కులు. ఒక పార్టీకి ఇచ్చిన రేటు ఇంకో పార్టీకి పంపిన లింకులో కనిపిస్తే బేరం చెడడమే కాదు, మాట కూడా పోతుంది. పనులకు మనుషుల పేర్లు రాయకండి. ‘తాపీ మేస్త్రీ’, ‘లెక్కలు చూసేవారు’, ‘డ్రైవరు’ అని పాత్ర రాయండి. డబ్బు కట్టే ఆసనా ప్లానుల్లోని టెంప్లేట్లలో ఈ పాత్రలకు వేరే చోటే ఉంది, కాపీ తీసేటప్పుడు ఏ పాత్ర ఎవరిదో ఒకసారి చెబితే అన్ని పనులకూ పేర్లు పడతాయి. షీట్స్‌లో అయితే పైన ఒక చిన్న పట్టికలో పాత్ర, పేరు రాసి, పట్టికలో వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములాతో తెచ్చుకోవచ్చు.

మూలాన్ని మార్చే హక్కు ఒక్కరికే ఉండాలి. షీట్స్‌లో మిగతావాళ్లకు చూసే అనుమతి మాత్రం ఇచ్చి, లింకు చివర ఇంగ్లిషులో ఉన్న ‘ఎడిట్’ దగ్గర్నుంచి తీసేసి ‘కాపీ’ అని ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టి పంపండి. తెరవగానే కాపీ తీసుకోమని అడుగుతుంది, మూలం మీద ఎవరి చెయ్యీ పడదు.

ఇంకో సంగతి: మూలంలో ఇవాళ చేసిన మార్పు ఇప్పటికే నడుస్తున్న కాపీలకు చేరదు. షీట్స్‌లోనైనా, ట్రెల్లోలోనైనా, ఆసనాలోనైనా అంతే. కాబట్టి నడుస్తున్న పనిలో ఏదైనా మరిచిపోయినట్టు తేలితే ఆ రోజే రెండు చోట్లా రాయాలి, మూలంలోనూ, నడుస్తున్న వాటిలోనూ. మూలం పేరు చివర మార్చిన తేదీ పెట్టుకుంటే ఏ కాపీ పాతదో తెలిసిపోతుంది.

డబ్బు ఎప్పుడు పెట్టాలి

ఆసనా, క్లిక్‌అప్, ట్రెల్లో మూడూ డబ్బు కట్టే ప్లానుల్లో మనిషికి ఇంత అని లెక్కకడతాయి. కాబట్టి టీములో ఎంతమంది ఉన్నారని కాదు, ఎంతమంది నిజంగా తెరిచి టిక్కు పెడతారో లెక్కేయండి. మేస్త్రీలూ, డ్రైవర్లూ, పూలు కట్టేవాళ్లూ యాప్ దించుకోరు, దించుకోమని పట్టుబట్టడం వృథా. వాళ్లు వాట్సాప్‌లో ఫోటో పెడతారు, ఒక సూపర్‌వైజరు దాన్ని చూసి టిక్కు పెడతారు. అలా చూస్తే చాలా సంస్థలకు రెండు మూడు సీట్లే (డబ్బు కట్టే లాగిన్లే) కావాలి.

నెలకు నాలుగైదు పనుల లోపు ఉంటే షీట్స్ దాటి వెళ్లనక్కర్లేదు. కార్యక్రమాలు ఎక్కువై, ఇద్దరు ముగ్గురు మేనేజర్లు ఒకే మనిషిని ఒకే రోజుకు పంపే పరిస్థితి వస్తే ఆసనా. సైట్లు ఎక్కువై, ఒకదాని ఆలస్యం మిగతావాటి కూలీలనూ తాకుతుంటే క్లిక్‌అప్. లోడ్లూ ఆర్డర్లూ అయితే ట్రెల్లో, అదీ ఉచితంగా. జీఎస్టీ పట్టికకు మాత్రం క్లయింట్లు వందైనా షీట్సే.

కొనేముందు ట్రయల్‌లో ఒక్క పరీక్ష చేయండి. మీ అసలు పట్టికలోంచి 10 పనులు ఎక్కించి, మధ్యలో సంక్రాంతి పడేలా జనవరి తేదీతో కాపీ తీయండి. తర్వాత ఆ కాపీలో మూడో పనిని 4 రోజులు ఆలస్యం చేసి, ఆఖరి పని తేదీ ఎంత జరిగిందో కాగితం మీది లెక్కతో పోల్చండి. చివరగా ఆ కాపీని సూపర్‌వైజరు ఫోన్లో, మొబైల్ డేటా మీద తెరిపించి, ఇవాళ్టి పని ఏదో చూపమనండి. మూడో నొక్కులోపు చూపించలేకపోతే ఇంకోదాన్ని చూడండి.